ఒక్క రోజులో గోల్కొండ, చార్మినార్, లాడ్‌ బజార్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్‌ పాత కట్టడాలు, పాతబస్తీ బజార్లు ఒకే రోజులో చూడటం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ఆరుగురం. ఆదివారం ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో రైలు దిగుతాం. రాత్రి పదిన్నరకు తిరుగు రైలు. ఈలోగా గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, సాలార్‌జంగ్‌ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్‌, చార్మినార్‌ చూసి గాజులు కొనుక్కోవాలని ఉంది. కుదురుతుందా? (తెనాలి)

అన్నీ కుదరవు. మ్యూజియాన్నీ, ప్యాలెస్‌నీ ఈసారికి వదిలేయండి. సాలార్‌జంగ్‌ ఒక్కటే మూడు గంటలు తింటుంది. దాన్ని గంటలో ముగిస్తే చూసినట్టూ ఉండదు, చూడనట్టూ ఉండదు. మిగిలిన నాలుగూ హాయిగా సరిపోతాయి, వరుస తప్పకపోతే.

ఆ వరుస ఇది. సామాను స్టేషన్‌ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం లేని సంచులు అక్కడ తీసుకోరు కాబట్టి చిన్న తాళాలు వెంట తెచ్చుకోండి. టిఫిన్‌ చేసి ఎనిమిదింటికల్లా బయలుదేరితే కోట గేటు తెరిచే సమయానికి, అంటే తొమ్మిదికి, గోల్కొండలో ఉంటారు. రెండున్నర గంటలు కోటకు. అక్కడికి రెండు కిలోమీటర్ల లోపే ఉన్న సమాధుల దగ్గర గంటంబావు. ఒంటిగంటకు టోలీచౌకి వైపో, మెహదీపట్నంలోనో భోజనం. మూడింటికి చార్మినార్‌. ముందు పైకెక్కేయండి, ఎందుకంటే సాయంత్రం అయిదున్నరకు మూసేస్తారు, దానికి ముందే టికెట్లు ఆపేస్తారు. దిగి మక్కా మసీదు చూసుకుని, నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా చార్మినార్‌ పక్కనే ఉన్న గాజుల బజారు, లాడ్‌ బజార్‌కు కేటాయించండి.

చాలామంది టూర్ల వాళ్లు దీన్ని తిరగేసి నడుపుతారు. పొద్దున్నే ట్రాఫిక్‌ ఉండదని తొమ్మిదింటికే చార్మినార్‌ దగ్గర దింపుతారు. అప్పటికి లాడ్‌ బజార్‌లో షట్టర్లు దించే ఉంటాయి. దుకాణాలు నిండుగా తెరుచుకునేసరికి పదకొండు దాటుతుంది. అక్కడ అలా కాలం పోయాక మిట్టమధ్యాహ్నం కోట ఎక్కిస్తారు. నల్లరాతి మెట్లు, నీడలేని కొండ, నడినెత్తిన ఎండ. పిల్లలు, పెద్దలు సగంలోనే కూర్చుండిపోతారు. మీరు బండి మాట్లాడుకునేటప్పుడే ‘ముందు కోట, చివర బజారు’ అని ఖాయం చేసుకోండి. ఏ టూర్‌ అయినా సరే, డబ్బు కట్టేముందు చూపించే చోట్ల పేర్లతో పాటు ఒక్కో చోట ఎంతసేపు ఆపుతారో అడగండి. బస్సు కిటికీలోంచి చూపించి ‘చూపించాం’ అనేవి కూడా జాబితాలో ఉంటాయి.

చార్మినార్‌ కిందిదాకా కారు వెళ్లదు. మదీనా కూడలి దగ్గర దిగి పత్తర్‌గట్టీ మీదుగా నడవడమే మేలు. దారిలో గుల్జార్‌ హౌజ్‌ అనే ఫౌంటెన్‌, దాని చుట్టూ నాలుగు దిక్కులా చార్‌ కమాన్లు అనే నాలుగు తోరణాలు తగులుతాయి. గైడ్లు వీటిని ఆగి చూపించేది తక్కువ. చార్మినార్‌ను మొదటిసారి దాని వైపున్న కమాను గుండా చూస్తూ దగ్గరికి వెళ్లాలి. ఆ కట్టడాన్ని నగరం నడిబొడ్డున ఎందుకు నిలబెట్టారో అప్పుడు అర్థమవుతుంది.

తిరుగు ప్రయాణానికి ఎనిమిదిలోపే బజారు వదిలేయండి. ఆటోలో ఎంజీబీఎస్‌ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌) మెట్రో స్టేషన్‌ రెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ గ్రీన్‌ లైన్‌ ఎక్కితే నేరుగా సికింద్రాబాద్‌ వెస్ట్‌లో దిగొచ్చు. రైల్వే స్టేషన్‌ అక్కడికి దగ్గరే. రాత్రిపూట అఫ్జల్‌గంజ్‌ ట్రాఫిక్‌లో కారు ఇరుక్కుని రైలు తప్పిపోయే భయం ఉండదు.

కోటలో రాత్రి జరిగే సౌండ్‌ అండ్‌ లైట్‌ షో కూడా చూడాలనుకుంటే బజారు వదులుకోవాల్సిందే. రెండూ ఒకే సాయంత్రం పడతాయి, మధ్య పదికి పైగా కిలోమీటర్లు. షో ఏ రోజు ఏ భాషలో ఉంటుందో ముందే అడిగి వెళ్లండి.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆమెను హోటల్లో వదిలి వెళ్లాలా? (ఏలూరు)

అక్కర్లేదు. గోల్కొండలో చూడదగ్గది సగానికి సగం కిందే ఉంది. బాలాహిస్సార్‌ దర్వాజా, చప్పట్ల గుమ్మటం, ఆయుధాగారం, నగీనా బాగ్‌, రాణీమహళ్లు, తారామతి మసీదు. వీటికి కొండ ఎక్కక్కర్లేదు. నేల మాత్రం ఎగుడుదిగుడు. మెత్తటి చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి, చేతికర్ర ఇవ్వండి.

పైదాకా సుమారు 380 మెట్లు. అన్నీ ఒకే ఎత్తులో ఉండవు, అదే అసలు ఇబ్బంది. పైగా మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడంకన్నా దిగడం కష్టం. ‘ఎక్కేశాం కదా’ అనుకుని పైకి చేరి, దిగలేక అవస్థపడేవాళ్లు ఎక్కువ. వానాకాలంలో రాతి మీద నాచు పడుతుంది కాబట్టి అప్పుడు ఆరోగ్యవంతులు కూడా జాగ్రత్తగానే దిగాలి.

అమ్మను రాణీమహళ్ల దగ్గర నీడలో కూర్చోబెట్టండి. మామూలుగా జనం రామదాసు బందిఖానా, ధాన్యాగారం మీదుగా ఎక్కి, మరో మెట్లదారిన రాణీమహళ్ల వైపు దిగుతారు. మీరు దిగి నేరుగా ఆమె దగ్గరికే వస్తారు. దర్వాజా దగ్గర కూర్చోబెడితే ఆమె రాణీమహళ్లూ చూడరు, మీరు మళ్లీ వెతుక్కుంటూ రావాలి.

సమాధుల ప్రాంగణం ఆమెకు బాగుంటుంది. తోట, చదునైన దారులు, చెట్ల నీడ. ఒక్కో సమాధి అరుగు ఎక్కడానికి మాత్రం కొన్ని మెట్లు ఉంటాయి. చార్మినార్‌ పైకి వద్దే వద్దు. మీనారు లోపలి మెట్లు ఇరుకు, మెలికలు, ఒక్కో మెట్టు ఎత్తు ఎక్కువ. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుందామన్నా వెనక జనం ఉంటారు.

ప్రశ్న: కోట గేటు దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందంటారు. మేం వెళ్లినప్పుడు ఏమీ వినిపించలేదు. ఇది కట్టుకథా? (సిద్దిపేట)

నిజమే, ఇప్పటికీ వినిపిస్తుంది. బాలాహిస్సార్‌ దర్వాజా దాటగానే ఉన్న గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు కొండమీది బారాదరి మండపంలో వినిపిస్తాయి. గుమ్మటం లోపలి వంపు, దానిలో చెక్కిన పలకలు శబ్దాన్ని చెదరనివ్వకుండా కూడగడతాయి. చుట్టూ ఉన్న రాయి దాన్ని పీల్చుకోదు. కింద ఎవరొచ్చారో పైన కాపలావాళ్లకు తెలియడానికి ఇది సంకేతంగా పనికొచ్చేది.

వినిపించకపోవడానికి మామూలుగా మూడు కారణాలు. గుమ్మటం సరిగ్గా నడిమధ్యన నిలబడాలి. ఓ అడుగు పక్కకు జరిగినా బలం పోతుంది. రెండోది, జనం ఉన్నప్పుడు నాలుగు గుంపులు ఒకేసారి కొడతాయి, పైవాళ్లకు ఎవరిది ఏదో తెలియదు. మూడోది గాలి, మాటల రొద. ఈసారి తొమ్మిదింటికే వెళ్లండి. ఒకరు పైకి చేరి బారాదరి అంచున నిలబడి ఫోన్‌ చేయాలి. ఫోన్‌ పెట్టేశాక కిందివాళ్లు ముందే అనుకున్న లెక్కలో కొట్టాలి: రెండు చప్పట్లు, కాస్త ఆగి ఒకటి. అరచేతులు చాచి గట్టిగా కొట్టండి. ఆ లెక్కను బట్టి పైవాళ్లు మీ చప్పట్లను గుర్తుపడతారు.

ప్రశ్న: గైడును పెట్టుకుంటే కథలు చెప్తారు గానీ ఏది నిజమో తెలియడం లేదు. మంచి గైడును ఎలా గుర్తుపట్టాలి? మాది భద్రాచలం దగ్గర, రామదాసు బందిఖానా గురించి ముఖ్యంగా తెలుసుకోవాలి. (ఖమ్మం జిల్లా)

పర్యాటక శాఖ ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు అడగండి. ఉన్నవాళ్లు అడక్కుండానే చూపిస్తారు. తర్వాత మూడు విషయాలు తేల్చుకోండి: మొత్తం ఎంత (తలకా, గుంపుకా), ఎంతసేపు, కొండపైకి వస్తారా. మూడోది అడగనివాళ్లను కింద చప్పట్లు, ఆయుధాగారం చూపించి ‘పైకి ఇదే దారి’ అని పంపేస్తారు. కోటను అర్థం చేసుకోవడానికి గైడు కావలసింది దారి పొడవునా: నీళ్లు పైకి ఎలా ఎక్కించారు, మట్టి గొట్టాలు గోడల్లో ఎక్కడ కనిపిస్తాయి, గుమ్మం ముందు అడ్డుగోడ ఎందుకు కట్టారు లాంటివి చూపించడానికి. ఆ అడ్డుగోడ లేకపోతే ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దుతుంది. తలుపుల మీద ఇనుప ముళ్లూ అందుకే.

వినగానే కాస్త ఆగి ఆలోచించాల్సిన మాటలు కొన్ని చెబుతాం. ‘కోహినూర్‌ ఇక్కడే తవ్వారు’ అంటారు. గోల్కొండ అంటే వజ్రాలు అమ్ముడయ్యే రాజ్యం, దాని రాజధాని. గనులు కృష్ణ ఒడ్డున, కొల్లూరు వైపు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగింది. ‘కోట నుంచి చార్మినార్‌కు సొరంగం’ అన్నది జనం నోట ఉన్న మాట, చూపించగలిగింది కాదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలికి వచ్చింది గోడ పగలగొట్టి కాదు, లోపలి మనిషి అబ్దుల్లాఖాన్‌ పన్నీ గుమ్మం తెరిస్తే. ఆ గుమ్మమే ఫతే దర్వాజా. టికెట్‌ కౌంటర్‌కు చాలా ముందే, ఊళ్లోకి వచ్చే దారిలో తగులుతుంది కాబట్టి బండి అక్కడ ఓ అయిదు నిమిషాలు ఆపించండి. అబ్దుల్లాఖాన్‌ పన్నీ ద్రోహం గురించి పైన నిలబడి వినడం వేరు, ఆ తలుపు ముందు వినడం వేరు.

రామదాసు విషయానికొస్తే, కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. సర్కారుకు కట్టాల్సిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని అబుల్‌ హసన్‌ తానీషా కాలంలో ఇక్కడ బంధించారు. తానీషా కొలువులో అధికారమంతా చేతిలో ఉన్న మాదన్న గోపన్నకు మేనమామ. కొండెక్కే దారిలో మాదన్న, ఆయన సోదరుడు అక్కన్నల కచేరీ (కార్యాలయం) అని చూపించే గదులు ముందు వస్తాయి, తర్వాత బందిఖానా. ఆ గది చీకటి, వెలుతురు పైనుంచే. గోడ మీద రాముడు, ఆంజనేయుడు మొదలైన చెక్కడాలున్నాయి. బయటి ఎండలోంచి వెళ్లగానే ఏమీ కనబడదు, రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. ఫ్లాష్‌ కొడితే చెక్కడం చదునుగా కనిపిస్తుంది. ఫోన్‌ టార్చ్‌ను గోడకు పక్కనుంచి పట్టండి, గీతలు తేలతాయి. అలాగని గోడను తాకవద్దు. రామలక్ష్మణులు వచ్చి తానీషాకు రామమాడలు చెల్లించారన్నది భక్తుల పరంపర. గైడు దాన్ని చరిత్రగా చెప్పినా మీరు దాన్ని దాని చోట ఉంచుకుని వినొచ్చు. మహాకాళి గుడి ఇంకాస్త పైన. ఆషాఢంలో నగరంలో బోనాలు మొదలయ్యేది ఈ కోటలోనే. ఆ రోజుల్లో ఆదివారం, గురువారం వస్తే కట్టడం చూసే వీలుండదు, జాతర చూసే వీలుంటుంది.

సమాధుల దగ్గర గైడు లేకపోయినా ఫర్వాలేదు గానీ, ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి ఏదో అడిగి మరీ చూడండి. తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్న సుల్తాను ఈయన. గోడల మీద అక్కడక్కడా మిగిలిన రంగు పలకలు చూస్తే ఈ రాతి కట్టడాలు ఒకప్పుడు ఎలా మెరిసేవో ఊహకు అందుతుంది. తానీషా సమాధి ఇక్కడ లేదు. ఆయన దౌలతాబాద్‌ ఖైదులో పోయాడు. బడీ బావ్లీ అనే దిగుడుబావిని 2013 వానలకు కూలాక మళ్లీ నిలబెట్టారు. ఇక్కడి బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్‌ పురస్కారం వచ్చింది. బడీ బావ్లీని చూడకుండా బయటికి రావద్దు.

ప్రశ్న: మేం అమెరికా పౌరులం, ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికి ఇచ్చేవి) ఉన్నాయి. విదేశీ టికెట్‌ కొనాలా? (డల్లాస్‌)

అక్కర్లేదు. కేంద్రం 2021 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషన్‌ ప్రకారం కట్టడాల ప్రవేశ రుసుములో ఓసీఐ కార్డుదారులకు భారత పౌరుల రేటే. గోల్కొండ, చార్మినార్‌ రెండూ కేంద్ర పురావస్తు శాఖవి. భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300. కార్డు అసలుది తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కౌంటర్‌లో వాదన తప్పదు. పదిహేనేళ్లలోపు పిల్లలకు, ఏ దేశం వారైనా, ఈ రెండుచోట్లా టికెట్‌ లేదు. గేటు దగ్గర క్యూఆర్‌ కోడ్‌ స్కాన్‌ చేసి కొంటే క్యూలో నిలబడే పని తప్పుతుంది. సమాధుల ప్రాంగణం రాష్ట్ర ప్రభుత్వానిది, దానికి వేరే టికెట్‌. డ్రోన్‌, ట్రైపాడ్‌ హోటల్లోనే ఉంచేయండి. ముందస్తు అనుమతి లేకుండా లోపలికి రానివ్వరు.

ప్రశ్న: అక్కకూ, ఇద్దరు మేనకోడళ్లకూ లక్క గాజులు తెమ్మన్నారు. సైజులు నాకు తెలియవు. నాసిరకం అంటగడతారేమోనని భయం. (విజయనగరం)

బయలుదేరేముందు ముగ్గురి దగ్గరా చేతికి సరిపోయే పాత గాజు ఒక్కోటి అడిగి తీసుకెళ్లండి. అది కుదరకపోతే గాజు లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, నడిమధ్యగా స్కేలుతో కొలవమనండి. దుకాణంలో చెప్పే 2-4, 2-6లో మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. అంటే 2-2 సుమారు 54 మిల్లీమీటర్లు, 2-4 అంటే రెండుంపావు అంగుళాలు, 57 మిల్లీమీటర్లు. 2-6 అరవై, 2-8 సరిగ్గా రెండున్నర అంగుళాలు, 63.5. చాలామంది 2-4ను 2.4 అంగుళాలనుకుని కొలిచి తప్పు సైజు చెబుతారు. ఆ తేడా చేతికి ఎక్కకపోవడానికి చాలు.

లక్క గాజు చేతిని ఎంత నొక్కినా సాగదు, బలవంతం చేస్తే అతుకు దగ్గర పగులుతుంది. రెండు సైజుల మధ్య ఉంటే పెద్దదే తీసుకోండి. లాడ్‌ బజార్‌లో కొన్ని దుకాణాల ముందే, పక్క సందుల్లోనూ కుంపటి పెట్టుకుని పనిచేసే కారీగర్లు ఉంటారు. లక్కను వేడికి మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, కొసలు అతికి, వేడి ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. మీరు తెచ్చిన పాత గాజు చూపిస్తే ఆ కొలతకే చేసిస్తారు. ఉన్న గాజునూ కాస్త వేడిచేసి సరిచేస్తారు. అలాంటి చోట కొనడమే మంచిది. నాణ్యం మీ కళ్లముందే తేలుతుంది. హైదరాబాద్‌ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ పని చేసే చేతులకు డబ్బు చేరడం మాకు ముఖ్యం అనిపిస్తుంది.

కొనేటప్పుడు చూసుకోవలసినవి. రాయి లక్కలో కొంచెం దిగబడి ఉండాలి. రాయి చుట్టూ జిగురు మెరుస్తుంటే అది పైన అంటించింది, త్వరగా రాలుతుంది. గోటితో రెండు మూడు రాళ్లను మెల్లగా కదిపి చూడండి. లోపలివైపు వేలు తిప్పండి. అతుకు దగ్గర వెంట్రుకంత గీత తగిలినా అది వద్దు. సెట్టులో ఎన్ని గాజులో లెక్కపెట్టించి ధర అడగండి. రెండు దుకాణాల్లో ఒకే సెట్టుకు వేర్వేరు లెక్కలుంటాయి. మొదటి దుకాణంలో కొనవద్దు. ఒకే పనితనం ఉన్న గాజులకు మూడుచోట్ల ధర అడిగాక బేరం ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది. చార్మినార్‌కు ఎదురుగా ఉన్న మొదటి వరసను దాటి మహబూబ్‌ చౌక్‌ గడియారం వైపు నడిచేకొద్దీ రద్దీ తగ్గుతుంది, అమ్మేవాళ్లకు మాట్లాడే తీరికా ఉంటుంది.

ఇంటికి తెచ్చాక వేడికీ, స్పిరిట్‌కూ దూరం. ఎండలో ఆపిన కారులో వదిలితే లక్క మెత్తబడి ఆకారం చెడుతుంది. స్పిరిట్‌ లక్కను కరిగిస్తుంది కాబట్టి శానిటైజర్‌, సెంటు రాసుకునేముందు గాజులు తీయాలి. వేడినీళ్లతో కడగవద్దు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఒక్కో సెట్టును నూలుగుడ్డలో చుట్టి విడిగా పెట్టమనండి.

ప్రశ్న: ఆటో డ్రైవర్లు ‘ముత్యాల ఫ్యాక్టరీ రేటు’ అని దుకాణాలకు తీసుకెళ్తామంటున్నారు. వెళ్లొచ్చా? అసలు ముత్యం ఎలా గుర్తుపట్టాలి? (బెంగళూరు)

వెళ్లవద్దు. తీసుకొచ్చినవాళ్లకు ఇచ్చే కమీషన్‌ మీ బిల్లులోంచే వస్తుంది, పైగా బజారుకు ఉంచుకున్న గంట అక్కడే పోతుంది. టూర్‌ కుదుర్చుకునేటప్పుడే ‘దుకాణాల దగ్గర ఆపవద్దు’ అని చెప్పండి. పత్తర్‌గట్టీలో, చార్‌ కమాన్‌ దగ్గర దుకాణాలు వరసగా ఉన్నాయి, మీరే చూసుకోవచ్చు.

హైదరాబాద్‌ పేరు ముత్యాలకు రంధ్రం వేయడంలో, ఏర్చి దండ గుచ్చడంలో వచ్చింది. ఇప్పుడు అమ్మేవాటిలో అత్యధికం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. అవి అసలు ముత్యాలే. ‘సముద్రపు ముత్యం’ అని ఎక్కువ ధర చెబితే మాత్రం ఆ మాట బిల్లు మీద రాయమనండి. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రాస్తే సన్నని గరుకు తగలాలి. జారిపోతే గాజో, ప్లాస్టికో. రంధ్రం అంచును భూతద్దంలో చూడండి. పూత పెచ్చులూడుతూ కింద వేరే రంగు కనిపిస్తే నకిలీ. మరీ ఒకే కొలత, ఒకే మెరుపు ఉన్న దండ చవగ్గా ఇస్తామంటే అనుమానించాల్సిందే. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి గుచ్చమనండి. దారం తెగినా ఒక్కటే పోతుంది.

ప్రశ్న: శుక్రవారం వెళ్లొచ్చా? రంజాన్‌లో? (నెల్లూరు)

మీ జాబితాలో సాలార్‌జంగ్‌, చౌమహల్లా ఉంటే శుక్రవారం వద్దు, రెండూ ఆరోజు మూసి ఉంటాయి. లేకపోయినా మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు, చార్మినార్‌ పరిసరాలు కిక్కిరిసిపోతాయి. మూడు దాటాక వెళ్లండి. మసీదులోకి ఏ రోజు వెళ్లినా చేతులు, కాళ్లు కప్పే బట్టలు, ఆడవాళ్లకు తలమీద చున్నీ ఉండాలి. చెప్పులు పెట్టుకోవడానికి ఓ గుడ్డ సంచి తెచ్చుకోండి.

రంజాన్‌లో లాడ్‌ బజార్‌ అర్ధరాత్రి దాటాక కూడా తెరిచే ఉంటుంది. పగలంతా మాత్రం మందకొడి. కాబట్టి ఆ నెలలో చార్మినార్‌ పైకి సాయంత్రం నాలుగులోపు ఎక్కి, ఇఫ్తార్‌ అయ్యాక బజారులోకి దిగండి. పండగకు ముందు చివరి వారం చిన్నపిల్లలను తీసుకెళ్లవద్దు. వెళ్లక తప్పకపోతే పిల్లల జేబులో మీ ఫోన్‌ నంబరు రాసిన చీటీ పెట్టండి, తప్పిపోతే కలుసుకునే చోటుగా గుల్జార్‌ హౌజ్‌ అని చెప్పి ఉంచండి. చార్మినార్‌ అని చెబితే దానికి నాలుగు పక్కలున్నాయి.